నాలుగో ఊపిరి

1వ రోజు. తూర్పు గట్టు నీళ్ళపైన: పధ్నాలుగు వేళ్ళు.

ఈ గట్టు కొలతల పుస్తకం ఇన్నాళ్ళూ మా ఊరికి లెక్కలు చెప్పే పెట్టే రాసుకునేది. ఇవాళ్టి నుంచి నన్ను రాయమన్నారు. నా దస్తూరి చూసి పెట్టె సిగ్గుపడి మళ్ళీ పనిలోకి దిగుతుందని ఆశ కాబోలు.

పెట్టె నిన్న మధ్యాహ్నం "పడమటి తొట్టె నిండా" అని మా ఊరందరి చెవుల్లోనూ చెప్పి మూగబోయింది. తొట్టెని సముద్రపు నీళ్ళతో నిండా నింపాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. మాది తేలే ఊరు. తూర్పున బరువెక్కితే తూర్పు దిగుతుంది, పడమర ఎక్కితే పడమర. ఏ పక్క ఎంత బరువుండాలో రోజూ పెట్టే చెప్పేది. గట్టు నీళ్ళలోకి దిగిందంటే కింద తేలుడు గదుల్లోకి నీరు పోతుంది. ఆ తర్వాత రాయడానికి ఊరుండదు.

మా ఊళ్ళో ఏడో ఏట చెవిలో గింజ వేస్తారు. పెట్టె జవాబు అందులో వినిపిస్తుంది. నాకూ వేశారు. నా చెవి చీము పట్టి, నెల తిరక్కుండా దాన్ని కక్కేసింది. అప్పట్నుంచి నాది వేళ్ళ మీద లెక్క. ఊళ్ళో అందరికీ లెక్కలొచ్చు, గరగయ్యకి తప్ప అని నవ్వేవాళ్ళు. ఇవాళ నవ్వడం లేదు.

గింజలు అయిపోయి మూడేళ్ళయింది కాబట్టి ఏడు నిండి పదేళ్ళలోపున్న పిల్లలు ఆరుగురికి చెవులు ఖాళీ. వాళ్ళకి లెక్కలు నేర్పమని దానయ్య బావ నన్ను పిలిచాడు. బావంటే మా అప్ప కాసులమ్మ మొగుడు, పెట్టెకి కాపరి.

"నేర్పడానికి నాకేటొచ్చు బావా? నేను ఊరిని ఆటపట్టించడం తప్ప ఏదీ పూర్తిగా నేర్చుకోనేదు."

"ఇంకెవుడున్నాడురా? మూడూ నాలుగూ ఎంతంటే ఊరంతా మెడ వంచీసి చెవిలో ఇనబడ్డానికి కూకుంటోంది. పడవొచ్చి పెట్టెని బాగుచేసే దాకా నువ్వే."

పడవ ఇరవై రెండో రోజుకి రావాలి.

సాయంత్రం పెట్టె దగ్గరికి మొదటి బ్యాటరీ మోశాం. బ్యాటరీల గది పడమటి చివర, పెట్టె గది తూర్పు చివర. మధ్య తీగని ఉప్పు తినేసింది. అందుకని బావ బ్యాటరీలనే పెట్టె పక్కకి తెస్తున్నాడు. యాభై మందిమి వెదుళ్ళు వేసి ఎత్తాం. నా నడుం పోయింది. మర్దనాకి నూనె కూడా లేదు.

3వ రోజు. గట్టు: పదమూడు వేళ్ళు.

మొదటి బడి. పిల్లల వెనక తల్లులు వరసగా కూర్చున్నారు. నేను కొండడిని అడిగాను. వాడు చేపలు ఎండబెట్టే వాళ్ళ అబ్బాయి.

"పన్నెండూ ఏడూ ఎంతరా?"

వాడు హాయిగా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక ఊపిరి, రెండు, మూడు. వెనక నుంచి వాళ్ళమ్మ, "పందొమ్మిది" అంది. పెట్టె మూగబోక ముందు ఎప్పుడో విన్నదేదో ఆవిడ చెవిలో మిగిలిపోయినట్టుంది.

ఇది మా ఊరి మర్యాద. పిల్లని ఎవరైనా అడిగితే మూడు ఊపిర్ల లోపు పక్కనున్న పెద్దవాళ్ళు జవాబు అందించాలి. అందించకపోతే పిల్ల పరువు తీసినట్టు. తరాలుగా ఈ మర్యాదలో పెరిగి పిల్లలు ఒకటి నేర్చుకున్నారు: నోరు మూసుకు కూర్చుంటే జవాబు దానంతటదే వస్తుంది.

"అమ్మలందరూ లేచి పదండి" అన్నాను.

"ఈ పసిగుంటల్ని వొగ్గీసి ఎక్కడికెళ్తాం? నువ్వు అడిగిందానికి నోరెండిపోయి సచ్చిపోరూ?" అంది మా అప్ప.

"సస్తే నేను మోస్తాను. పదండి."

అమ్మలు వెళ్ళారు. పిల్లలు అలాగే నా మొహం చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నారంటే చివరికి నేనే "పందొమ్మిది" అనేశాను. నాకే పరువు పోతున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం రెండో బ్యాటరీ. నడుం.

7వ రోజు. గట్టు: పదకొండు వేళ్ళు.

చెప్పి నేర్పడం నా వల్ల కాలేదు. ఏది చెప్పినా నమ్ముతారు. ఎనిమిదీ ఎనిమిదీ ముప్పై అన్నాను, తలూపారు. ఏడవాలనిపించింది. ఏడుపు రాకపోతే నాకు వెధవ పనులు తోస్తాయి.

మొన్న ఇరవై నాలుగు కవ్వ చేపలు కాల్చి ఆరుగురికీ తలో మూడు పెట్టాను. "సరిగ్గా సరిపోయాయి" అని మిగిలిన ఆరూ నేను తిన్నాను. ఎవరూ నోరెత్తలేదు. నిన్న తలో రెండు పెట్టి పన్నెండు తిన్నాను. ఇవాళ తలో ఒకటి పెట్టి, పద్దెనిమిది నా పళ్ళెంలో గోపురంలా పేర్చుకుని ఒక్కొక్కటే తోకపట్టి తింటున్నాను. కొండడి కళ్ళల్లో నీళ్ళు. అయినా వాడు అడగడు. అడగడమనేది వాడు ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు మా అప్ప కూతురు నూకాలు లేచింది. తొమ్మిదేళ్ళు. చేతులు నడుం మీద వాళ్ళమ్మలాగే పెట్టుకుంది.

"మావా, నీ పళ్ళెంలోవి ఎవరివి?"

ఊళ్ళో గింజ లేని పిల్ల నోటినుంచి నేను విన్న మొదటి ప్రశ్న. ముల్లు గొంతులో గుచ్చుకుంది. దగ్గుతూనే అడిగాను.

"ఎవరివని నీకనిపిస్తోంది?"

"నువ్వు సెప్పు."

"నేను చెబితే అన్నీ నావే అంటాను. నమ్ముతావా?"

పిల్ల ఆలోచించింది. ఒక ఊపిరి, రెండు, మూడు. నేను నోట్లోకి చేపని కుక్కుకున్నాను, జవాబు బయటికి రాకుండా. నాలుగో ఊపిరికి ఆమె పళ్ళెం లాక్కుని చేపలన్నీ నేలమీద పోసి ఆరు కుప్పలు వేయడం మొదలుపెట్టింది.

"మాకు తలో నాలుగు రావాలి. దొంగ!"

తిట్టు విని ఇంత సంతోషించిన రోజు నా జీవితంలో లేదు. తిన్న చేపలకి బదులు రేపు నన్ను పస్తు ఉంచాలని ఆరుగురూ తీర్మానించారు. ఎన్ని పూటలు పస్తో వాళ్ళే లెక్కవేసుకుంటున్నారు.

సాయంత్రం నాలుగో బ్యాటరీ. కుడి పక్క నడుం పట్టేసింది. వంగలేను.

9వ రోజు. గట్టు: పది వేళ్ళు.

గట్టు ఎందుకు దిగుతోందో పిల్లలచేత కనిపెట్టించాలి. నాకూ తెలీదు కాబట్టి ఈసారి నటించే పని లేదు.

పోయినేడు నేను చేసిన ఒక ఘనకార్యం పనికొచ్చింది. పెట్టె గదిలో ఒక గొట్టం ఉంటుంది, అందులో మాట్లాడితే అందరి చెవుల్లోనూ మోగుతుంది. నేను దూరి, పెట్టె గొంతుతో "అందరూ తూర్పు గట్టు మీద ఒంటికాలిపై నిలబడండి" అన్నాను. మూడొందల మందీ నిలబడ్డారు. దానికి నెల్లాళ్ళు మరుగుదొడ్లు కడిగాను.

"ఆ రోజు గట్టు మూడు వేళ్ళు దిగింది. మరి ఒక్క వేలు దిగాలంటే ఎంతమంది నిలబడాలి?"

కొండడు వేళ్ళు మడిచాడు. "వందమందా?"

"వందే" అన్నాను సంబరంగా.

నూకాలు ఒప్పుకోలేదు. "మావా, మేం తూర్పు వరస ఇళ్ళోళ్ళం. మేం అప్పటికే తూర్పునే ఉన్నాం కదా. ఒంటికాలి మీదుంటే కొత్త బరువెక్కడ్నించొస్తాది?"

ఆరుగురూ నావైపు చూస్తున్నారు. మూడు ఊపిర్లు గడిచాయి, నన్ను కాపాడ్డానికి ఎవరూ లేరు.

చివరికి వాళ్ళే తేల్చారు. పడమటి వరస నుంచి నడిచొచ్చింది నూట యాభై మందే. కాబట్టి యాభై మంది పడమర నుంచి తూర్పుకి మారితే ఒక వేలు. అసలు తూర్పునున్న యాభై మందీ ఊరు వదిలి నీళ్ళలో దూకేస్తే? అప్పుడు తూర్పున బరువు తగ్గుతుంది కానీ పడమర పెరగదు, కాబట్టి గట్టు లేచేది అర వేలే. ఈ అర వేలు కోసం కొండడూ నూకాలూ జుట్టు జుట్టు పట్టుకున్నారు. నేను విడదీయలేదు. అంత మంచి గొడవ ఆపడం పాపం.

అయిదో బ్యాటరీ. ఇక నా వల్ల కాదని బావకి చెప్పాను. "పెట్టె కోసం నడుం కూడా ఇవ్వలేవా?" అన్నాడు. ఇచ్చాను.

13వ రోజు. గట్టు: ఎనిమిది వేళ్ళు.

పిల్లలు ఊరంతా తిరిగి లెక్క రాస్తున్నారు. వలలు, కుండలు, మంచాలు, ముసలమ్మలు. బల్ల కింద మధ్యలో దుంగ పెట్టి ఒక కొసన మా అప్పనీ, ఇంకో కొసన చేపల మూటనీ పెట్టి సరితూచారు. మనిషి మోసే మూట మనిషంత బరువని తేలింది. "నన్ను చేపల మూటతో తూస్తావేట్రా!" అని అప్ప నన్ను చీపురుతో కొట్టింది. ఆమె కొట్టిన దెబ్బలెన్నో కూడా కొండడు పలక మీద రాశాడు.

ఒక్క పెట్టె గదిలోకే పిల్లల్ని వెళ్ళనివ్వరు. అది దైవ స్థలం. దానికి బరువేమిటి?

మధ్యాహ్నం మళ్ళీ మోత. నా నడుం గురించి రాయడం ఇక సిగ్గుగా ఉంది.

17వ రోజు. గట్టు: ఆరు వేళ్ళు.

పిల్లల లెక్క పూర్తయింది. అన్నీ కూడి, అన్నీ తీసేసి, వాళ్ళు తెచ్చిన జవాబు: గట్టు పధ్నాలుగు వేళ్ళ మీద ఉండాలి. వాళ్ళ లెక్కలో ఏ బరువూ మారలేదు.

గట్టు ఆరు మీద ఉంది. నేను నా చేత్తో కొలిచాను. ఆగ్నేయం నుంచి గాలి తిరిగింది. వాయుగుండం ముందు ఎప్పుడూ అలాగే తిరుగుతుంది.

"మీ లెక్క తప్పు" అన్నాను.

"ఏ అంకె తప్పు మావా?" అంది నూకాలు.

"అన్నీ తప్పే! నోర్మూసుకుని మళ్ళీ కూడండి!"

"అన్నీ ఎలా తప్పవుతాయి? నువ్వే కదా ఒక్కొక్కటీ అడిగినావు?"

నేను ఆమె పలక లాక్కుని నేలకేసి కొట్టాను. మూడు ముక్కలయింది. భయమేసిన మనిషి పిల్లల మీద అరుస్తాడు, దానికి చదువు అక్కర్లేదు. నూకాలు మూడు ముక్కలూ ఏరుకుని వెళ్ళిపోయింది. మిగతా అయిదుగురూ నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. మొదటి రోజు ఎలా చూశారో అలాగే. పదిహేను రోజులు కష్టపడి కట్టింది నేను ఒక్క అరుపుతో పడగొట్టాను.

మోత. ఇప్పుడిక బావ రోజుకొకటి మోయిస్తున్నాడు. పెట్టె లేస్తే గట్టు సంగతి అదే చూసుకుంటుందట.

19వ రోజు. గట్టు: నాలుగు వేళ్ళు.

నూకాలు బడికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళాను. పడమటి మెట్ల కింద గోడ మీద గీతలు గీస్తోంది. పక్కన కూర్చున్నాను. వంగలేక కూలబడ్డాననాలి.

"నీ లెక్కలో తప్పు నాకు దొరకలేదే" అన్నాను. "దొరక్కే అరిచాను."

ఆమె నన్ను చూడలేదు. గీతలు గీస్తూనే, "మావా, నీ పుస్తకంలో గట్టు ఎప్పుడెప్పుడు దిగిందో రాసినావు కదా?" అంది.

"రాశాను."

"నీ నడుం నొప్పి కూడా రాసినావా?"

"అదేం ప్రశ్నే? పుస్తకం తీసినప్పుడల్లా రాశాను."

"తియ్యి."

తీశాం. ఒకటో రోజు నడుం, తర్వాత గట్టు ఒక వేలు దిగింది. మూడో రోజు నడుం, మళ్ళీ ఒక వేలు. నేను రాయని రోజులకి ఆమె గోడ మీద గీతలున్నాయి. బ్యాటరీ వాళ్ళ ఇంటి ముందునుంచే వెళ్తుంది మరి. పది మోతలు. పది వేళ్ళు.

"బ్యాటరీని ఎంతమంది మోస్తారు మావా?"

"యాభై..."

యాభై మంది మోసే బరువు. పడమర నుంచి తూర్పుకి. ఒక వేలు. నేను నేర్పిన లెక్క, నా వీపు మీదే మోశాను, నాకు కనబడలేదు. పెట్టె వస్తువుకి బరువుంటుందని మాలో ఎవరికీ తోచలేదు. దాన్ని బతికించడానికి మేం ఎంత చాకిరీ చేస్తే ఊరు అంత మునుగుతోంది.

బావ దగ్గరికి పరిగెత్తాను. వినలేదు. "పెట్టె మీద నిందేస్తావా?" అని మొహం మీద తలుపేశాడు. సాయంత్రం ఒకటి, రాత్రి ఇంకోటి మోయించాడు.

20వ రోజు. ఉదయం. గట్టు: రెండు వేళ్ళు. ఊరందరినీ పడమటి వరసకి తోలాక: అయిదు.

ఆకాశం సీసం రంగులో ఉంది. మధ్యాహ్నానికి తుపాను మీద పడుతుంది. పోయిన తుపానుకి కెరటం పన్నెండు వేళ్ళు లేచిందని గోడమీద గుర్తుంది. తెచ్చిన బ్యాటరీలు పన్నెండు. వెనక్కి మొయ్యడానికి పన్నెండు పూటలు కావాలి, మాకున్నది ఒక్క పూట. సముద్రంలోకి తొయ్యాల్సిందే.

నేనూ, అప్పా, నూకాలూ పెట్టె గదికి వెళ్ళాం. బావ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన భుజం వెనక గోడకి ఆ గొట్టం. మిగిలిన కరెంటుతో అది ఇంకా పనిచేస్తోంది. పెట్టె గొంతు నాకు ఇప్పటికీ వచ్చు. "నన్ను సముద్రంలో పారేయండి" అని ఒక్క మాటంటే మూడొందల మందీ పరిగెత్తుకొస్తారు, బావతో సహా. చెయ్యి గొట్టం మీద వేశాను.

నూకాలు నా చొక్కా లాగింది. "మావా, నాన్నకి కూడా సెప్పీడమేనా? అడగవా?"

గొట్టం వదిలేశాను. నా జీవితంలో వదులుకున్న అతి పెద్ద తమాషా అది.

"బావా, పడమర నుంచి యాభై మంది తూర్పుకొస్తే గట్టు ఏటవుతాది?"

"ఒక వేలు దిగుతాది. గుంటలు ఊరంతా అరిచినారు కదా."

"మనిషెంత మోస్తాడు?"

"తనంత మూట. మీ అప్పనే తూసినారు కదా."

"బ్యాటరీని ఎంతమందిమి మోసినాం?"

"యాభై మంది. అయితే?"

"ఎక్కడ్నించి ఎక్కడికి?"

బావ అలవాటుగా మెడ పక్కకి వంచాడు, చెవిలో వినబడ్డానికి. ఏమీ వినబడలేదు. ఒక ఊపిరి. గడప కింద నుంచి కెరటపు నీరు సన్నగా లోపలికి పాకింది. రెండో ఊపిరి. మా అప్ప పెదాలు కదిలాయి, నూకాలు చెయ్యెత్తి తల్లి నోరు మూసింది. మూడో ఊపిరి. నాకు అరవాలనిపించింది. నాలుక మీద పళ్ళు నొక్కిపెట్టాను, ఉప్పగా తగిలింది. నీళ్ళు మా పాదాల మీదికొచ్చాయి.

నాలుగో ఊపిరికి బావ మెడ నిలబడింది. రెండు చేతుల వేళ్ళూ ఒక్కొక్కటే మడిచాడు. వేళ్ళు అయిపోతే నూకాలు తన రెండు వేళ్ళు అందించింది.

"పన్నెండు" అన్నాడు. "పన్నెండు వేళ్ళు... నేనే ముంచినానేటిరా గరగా?"

"ఒక కొస నేనూ పట్టినాను బావా."

ఆయన గోడకి ఆనుకున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు. తర్వాత నిజంగా తెలుసుకోడానికి ఒక ప్రశ్న అడిగాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, నాకు తెలిసి మొదటిసారి.

"బ్యాటరీలొక్కటే తోసీస్తే సాలతాదా?"

నూకాలు నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"నీళ్ళలోకి తోస్తే ఒక్కోటికి అర వేలే నాన్నా. పన్నెండుకి ఆరు. అయిదూ ఆరూ పదకొండు. కెరటం పన్నెండు."

బావ తిరిగి పెట్టె వైపు చూశాడు. ప్రతి ఏడూ పెట్టె పండగ నాడు ఆయనే చదువుతాడు: మన తాతలు మూడొందల మంది దీన్ని మోసి ఊరెక్కించారని.

"మూడొందల మంది" అన్నాడు మెల్లగా. "ఆరు యాభైలు. ఆరు అరలు. మూడు వేళ్ళు."

"పడవోళ్ళొచ్చి బాగుసెయ్యడానికి ఏటీ ఉండదు మరి" అంది మా అప్ప.

"ఊరుండాలి కదే."

సముద్రం వైపు తలుపు తీశాం. ఊరి వంపే మాకు సాయపడింది. కట్లు కోస్తే బ్యాటరీలు ఒక్కొక్కటే జారిపోయాయి. పెట్టె మాత్రం గడప దాకా జారి ఆగింది. బావే భుజం పెట్టి తోశాడు. అది పడేటప్పుడు ఊళ్ళో అందరి చెవుల్లోనూ ఏదో గరగరమందట. మూడొందల మందీ ఒకేసారి ఏడ్చారు. నాకు ఆ ఏడుపు మాత్రమే వినబడింది.

గట్టు: పధ్నాలుగు వేళ్ళు.

24వ రోజు. గట్టు, జనం ఇళ్ళకి తిరిగొచ్చాక: పదకొండు వేళ్ళు.

తుపాను రెండు రోజులుంది. కెరటం రెండు వేళ్ళ దూరంలో ఆగింది. ఉత్తరపు వరసలో ఏడిళ్ళ కప్పులు పోయాయి. మనుషులెవరూ పోలేదు.

పడవ మొన్న రావాలి. రాలేదు. మాకు తాగే నీళ్ళు తెచ్చేది ఆ పడవే.

ఇవాళ బడికి పెద్దవాళ్ళు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. మెడలు ఇంకా పక్కకే ఉన్నాయి, కొన్ని మాత్రం నిలబడుతున్నాయి. కొండడు వాళ్ళమ్మకి ఎనిమిదీ ఎనిమిదీ ఎంతో అడిగి, ఆవిడ తడబడుతుంటే చెప్పకుండా బిగబట్టుకుని కూర్చున్నాడు. వాడి మొహం ఎర్రబడిపోయింది పాపం.

నేను పలకమీద ఏదో రాయబోతుంటే నూకాలు లేచింది. పలక ముక్కల్ని తాడుతో కట్టుకుంది.

"మావా, పడవ ఇంక రాకపోతే మంచినీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి?"

ఊరంతా ఆ మాటని రెండు రోజులుగా మింగుతోంది. పెట్టె ఉన్నన్నాళ్ళూ ఎవరూ దాన్ని ఇలాంటిది అడగలేదు, అడక్కపోతే అది చెప్పలేదు. నాకు పెద్ద అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. బోలెడన్నాళ్ళు అందామనుకున్నాను.

ఒక ఊపిరి. రెండు. మూడు. ఎవరూ ఎవరినీ కాపాడలేదు. నాలుగోదీ గడిచింది.

వెనక వరసలోంచి దానయ్య బావ లేచాడు. మూలనున్న కొలత గీతల కర్ర తీసుకుని, మంచినీళ్ళ తొట్టె వైపు నడిచాడు. పిల్లలు ఆరుగురూ ఆయన వెనకాల పరిగెత్తారు.